మా రోజుల్లో తల దొరక్కపోతే దొరకలేదనే చెప్పేవాళ్లం

ఆయ్, ఇప్పుడంతా తొందరేనండి. అరచేతిలో పట్టే పుర్రె ముక్క ఒకటి ఎక్కడో బయటపడిందంటే చాలు, పొద్దున్నకి దానికో పేరు, సాయంత్రానికి దానికో రంగుల బొమ్మ. కళ్లు చింతనిప్పుల్లా, తోలు ఆకుపచ్చగా, వెనకాల కొండ బద్దలై నిప్పులు కక్కుతూ ఉంటుంది. తెల్లారేసరికి ఆ బొమ్మ మా వీధి వాట్సాప్ గ్రూపులో దిగిపోతుంది. "కొత్త రాక్షసబల్లి దొరికింది, పదిమందికి పంపండి" అని కింద ఒక ముక్క. ఎవరు తవ్వారు, ఏ రాతిలో తవ్వారు, అసలు దొరికిన ఎముకేమిటి అని అడిగే నాథుడు లేడు. అడిగితే "మేష్టారికి పనేం లేదు" అంటారు. నిజమే, రిటైరైన వాడికి పనేముంటుంది? అందుకే అడుగుతున్నాను.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. మా రోజులంటే నేను రాజమండ్రిలో జువాలజీ వెలగబెట్టిన రోజులూ, తర్వాత కోనసీమ హైస్కూళ్లలో నేచురల్ సైన్సు చెప్పిన రోజులూ. అప్పుడు తెలిసింది తెలిసినంత చెప్పేవాళ్లం. తెలియని చోట ఖాళీ వదిలేవాళ్లం. ఖాళీ వదలడం కూడా ఒక విద్యేనండి. ఇప్పుడు ఆ విద్య వచ్చినవాళ్లు కరువైపోతున్నారు.

ఎందుకంటున్నానో చెబుతాను. ఈ తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఏ పిల్లాణ్నయినా ఆపి, "ఒరే, డైనోసార్ పేరొకటి చెప్పరా" అనండి. టీ రెక్స్ అంటాడు. అది అమెరికాది. ఇంకోటి చెప్పమంటే సినిమాలో చూసిన ఇంకో అమెరికా జంతువు పేరు చెబుతాడు. "మన గోదావరి జంతువు పేరు చెప్పు" అంటే నోరు తెరుస్తాడు. వాడి తప్పు కాదు. వాడికి చెప్పినవాళ్లు లేరు. వాడి నాన్నకీ తెలీదు, వాడి నాన్నకి ట్యూషన్ చెప్పినాయనకీ తెలీదు.

సరే, నేను చెబుతాను, కాస్త కూర్చోండి.

కాళేశ్వరానికి ఎదురొడ్డున సిరొంచ ఉంది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉందిగానీ బ్రిటిషు వాళ్ల కాలంలో అదే కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఉండేది. 1874 దాకా నడిచింది. అంచేత జిల్లాల లెక్కన చూసినా మనవాళ్లే, మాట వింటే ఇప్పటికీ సగం తెలుగే. ఆ సిరొంచ తాలూకాలో పోచంపల్లి అని ఒక పల్లె. చీరల పోచంపల్లి కాదు లెండి, ఇది వేరే. అక్కడి రాళ్లు ప్రాణహిత ఒడ్డునున్న కోట అనే ఊరి పేరు మీద చెలామణీ అవుతాయి. కోట రాళ్లంటే దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి ఏటి మట్టీ, మడుగుల అడుగూ గట్టిపడి రాయైనవి.

1950ల చివర్లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి పామెలా లాంప్లూ రాబిన్సన్ అనే ఆవిడ లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి వచ్చింది. పిలిచింది ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్. లెక్కల వాళ్ల సంస్థలో ఎముకల ఆవిడకేం పని అని అప్పుడూ కొందరు అనుకునే ఉంటారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ఆవిడా, ఆవిడ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లూ ఈ ప్రాణహిత గోదావరి లోయంతా తిరిగారు. 1961లో పోచంపల్లి దగ్గర ఒక తొడెముక బయటపడింది. పొడుగు 1.7 మీటర్ల పైమాటే. అంటే అయిదున్నర అడుగులు. మనిషి ఎత్తున్న తొడెముక! తవ్వినకొద్దీ వచ్చాయి, దాదాపు 300 ఎముకలు, ఆరు జంతువులకి తక్కువ కాకుండా. ఎముకల మధ్య పెద్దపెద్ద చెట్ల మొద్దులు కూడా రాయై పడున్నాయి. వాటినీ వీటినీ ఏదో పాతకాలపు వరదే ఒకచోటికి ఈడ్చుకొచ్చి పడేసి ఉంటుంది.

ఇప్పుడు చూడండి మా రోజుల పద్ధతి. 1962లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రకటన వేశారు, దక్కన్‌లో ఇలాంటి జంతువులు దొరికాయని. పేరు మాత్రం పెట్టలేదు. పెట్టేస్తే ఎవరడ్డమొచ్చారు? అయినా పెట్టలేదు. ఎముకలు శుభ్రం చేసి, అతికించి, కొలిచి, ప్రపంచంలో ఉన్న మిగతా పొడుగు మెడ జంతువులన్నిటితో పోల్చి, 1975లో పేరు పెట్టారు: బరపాసారస్ టాగోరి. పెద్ద కాలున్న బల్లి అని. ఆ తొడెముక దొరికిన ఏడాదే టాగూరు శతజయంతి గనక ఆయన పేరు కూడా చేర్చారు. పేరు పెట్టింది సోహన్ లాల్ జైన్, టి.ఎస్. కుట్టి, రాయ్ చౌధురి, శంకర్ ఛటర్జీ. దొరికిన దగ్గర్నుంచి పేరు దాకా 14 ఏళ్లు పట్టింది. ఎముక ఎముకకీ పూర్తి వివరం రాసిన పెద్ద వ్యాసమైతే 2010లో వచ్చింది. ఇప్పటి వాళ్లు 14 నిమిషాలాగి రెండో చోట సరిచూసుకోమంటే ఫోను పక్కన పెట్టి ఆవులిస్తారు.

అంత చేశాక కూడా ఆ జంతువుకి లేనిదేమిటో తెలుసాండీ? తల.

అవును, తల దొరకలేదు. ఆరు జంతువుల ఎముకల్లో మూడంటే మూడు విడి పళ్లు దొరికాయి. అంతే. సరే, పక్కూరికి పోదాం. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వితే 840 ఎముకలు వచ్చాయి, 12 జంతువులవి. పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టారు, తీరికున్నవాళ్లు వెళ్లి చూడొచ్చు. దానికీ అంతే. పన్నెండింటికి కలిపి రెండు పళ్లు. మీరు అక్కడ చూసే తల మనిషి చేతులతో చేసి పెట్టింది. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పెట్టారు, బాగానే ఉంది. శాస్త్రం రాసిన కాగితంలో మాత్రం తల లేదనే రాశారు.

ఇన్ని ఎముకలుండి తలలు ఎక్కడికి పోయాయి అంటారా? అది మన లంకల్లోవాళ్లకి చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరద గుర్తుండే ఉంటుంది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. నీళ్లు తీశాక మేం కొందరం పడవ మీద ఒక లంకలోకి వెళ్లాం. మేటేసిన ఇసకలో గేదె కళేబరం ఒకటి ఒరిగి పడుంది. దగ్గరికి పోలేకపోయాం, వాసన. వర్షాలు వెనకబట్టాక మళ్లీ అటు వెళ్తే పక్కటెముకలు అలాగే ఉన్నాయి. నడుం పూసలు వరస తప్పలేదు. తొడెముకలు ఇసకలో సగం కూరుకుని ఉన్నాయి. కింది దవడ ఊడిపోయి, పళ్లు పైకి చూస్తూ కొంచెం అవతల పడుంది. పుర్రె మాత్రం లేదు. నక్కలు లాక్కుపోయాయో, రెండో వరద పట్టుకుపోయిందో, మొత్తానికి అన్నిటికన్నా ముందు అదే పోయింది. గేదె పుర్రె ఎంత గట్టిదండీ! దానికే ఆ గతి పడితే, ఏనుగుల్ని మించిన ఒంటికి గుర్రం తలకాయకి కాస్త అటూ ఇటూగా ఉండే తల, అందులో ఎముకలు పల్చన, అతుకులు వదులు, కింద వెదురంత పొడుగు మెడ. ఇక ఆ తల ఒంటితో కలిసి రాయి దాకా ఎక్కడుంటుంది? ప్రపంచంలో ఏ దేశంలో తవ్వినా ఈ పొడుగు మెడ జంతువులు, అంటే సారోపాడ్‌లు, ఎక్కువగా మొండేలుగానే దొరుకుతాయి.

తలెందుకంత ముఖ్యం, కాళ్లు చాలవా అనకండి. మా బీఎస్సీ ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లని పెట్టేవారు. బల్లల మీద వరసగా పుర్రెలు, సీసాల్లో పాములు, స్లైడ్లు. గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. ఈలోపు చేతిలో పుర్రె ఏ జంతువుదో రాసి, గుర్తులు కూడా రాయాలి. పై దవడ ముందర పళ్లే లేకపోతే ఆవు లాంటి నెమరేసేది. ఉంటే గుర్రమో మరొకటో. కొమ్ము మొదలు గుండ్రంగా ఉంటే ఆవు, నొక్కినట్టు మూడు పలకలుగా ఉండి వెనక్కి వాలితే గేదె. మూతి పొడుగుండి పళ్లు 42 ఉంటే కుక్క, మూతి పొట్టిగా 30 ఉంటే పిల్లి. అదే తొడెముక చేతికిచ్చి అడగండి, ఆవుదో గేదెదో చెప్పడానికి మా లెక్చరరు గారే కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. తిండి, చూపు, వినికిడి, వాసన, మెదడు అన్నీ తలలోనే ఉంటాయి గనక జాతికీ జాతికీ తేడాలు అక్కడే గుంపుగా కనపడతాయి.

సారోపాడ్‌ల సంగతీ అంతే. పళ్లు చెంచాల్లా వెడల్పుగా ఉన్నాయా, పుల్లల్లా సన్నగా ఉన్నాయా? ముక్కు రంధ్రాలు మూతి దగ్గరున్నాయా, కళ్ల మధ్యకి ఎక్కాయా? మెదడు పెట్టె అడుగున జంట బుడిపెలు ఎటు వాలాయి, ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయి? మెడతో కీలు కట్టే గుండ్రటి బొడిపె ఎటు చూస్తోంది? నరాలు బయటికొచ్చే చిల్లులు ఎన్ని, ఏది దేనితో కలిసింది? ఇవన్నీ ఒక అరచేతి ముక్కలో రాసి ఉంటాయి. చదవడం వస్తే.

ఆ మెదడు పెట్టె ముక్క విలువ తెలియాలంటే జబల్‌పూర్ కథ వినాలి. అక్కడ బారా సిమ్లా గుట్ట మీద మాట్లీ అనే ఇంగ్లీషాయన మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తవ్వకాలు మొదలుపెట్టాడు. దొరికినవాటిలో మెదడు పెట్టె ఒకటుంది. 1933లో ఆయనా, జర్మనీ పండితుడు హ్యూనే కలిసి దాన్ని దక్షిణ అమెరికా జంతువు ఒకదాని కుటుంబంలో కట్టారు. ఆ ఇంటి పేరు దీనికి నప్పలేదని తర్వాతివాళ్లు తేల్చారు. 1995లో కొత్త పేరు పెట్టి, ఆ మెదడు పెట్టెనే మూల నమూనాగా నిలబెట్టారు. పేరేమిటంటే జైనోసారస్. మన గోదావరి మొండేనికి పేరు పెట్టిన జైన్ గారి పేరేనండి! తల లేని జంతువుకి పేరు పెట్టినాయన పేరు తల ముక్కతో నిలబడ్డ జంతువుకి దక్కింది. ఇలాంటి సంగతులు వాట్సాప్‌లో రావు.

ఇక లెక్కల వాళ్లకి ఎముకలతో పనేమిటో చెబుతానన్నాను. మహలనోబిస్ దూరం అని ఒకటుంది, 1936లో ఆయన రాసింది. అది పుట్టిందే మనుషుల తలలూ ముఖాలూ కొలిచిన కొలతల్లోంచి. ఒక పుర్రెని పది రకాలుగా కొలిచారనుకోండి. పొడుగు పెరిగితే వెడల్పు కూడా కొంత పెరుగుతుంది, రెండూ విడివిడి సాక్ష్యాలు కావు. ఒకటే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కేస్తే తీర్పు తప్పిపోతుంది. ఆ చుట్టరికాన్ని మినహాయించి, ఈ పుర్రె ఆ గుంపుకి ఎంత దూరం, ఈ గుంపుకి ఎంత దూరం అని చెప్పే లెక్క అది. దాన్ని ఎముకల మీద ప్రయోగించడానికి 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది ఎవరనుకున్నారు? మన తెలుగాయనే, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు. సూడాన్‌లో జెబెల్ మోయా అనేచోట తవ్వి తీసిన పాత మనుషుల అస్థిపంజరాల కొలతలు ఆయన చేతికిచ్చారు. ఆ పని మీదే 1948లో డాక్టరేటు. 2023లో, నూట రెండేళ్ల వయసులో పోయారు. పేపర్లలో రాశారు, గొప్ప గణాంక శాస్త్రవేత్త అని. ఎముకల సంగతి ఎంతమంది రాశారో మీరే చూసుకోండి.

ఖాళీ వదలడం గురించి కదా మొదలెట్టాను. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మ్యూజియం ఉంది. 1915లో అక్కడ అపాటోసారస్ అనే పెద్ద సారోపాడ్‌ని నిలబెట్టారు. మొండెం బ్రహ్మాండంగా ఉంది, మెడ చివర తల లేదు. డైరెక్టరు హాలండ్ గారికి ఒక అనుమానం. దాని పక్కనే దొరికిన పొడుగు మూతి పుర్రె దానిదేనని. పెద్ద పెద్దవాళ్లు కాదన్నారు. ఆయన వాళ్లు చెప్పిన పొట్టి మూతి తల పెట్టలేదు, తననుకున్న తలా పెట్టలేదు. తలలేకుండానే వదిలేశాడు. వచ్చినవాళ్లంతా మెడ కొస చూసి నవ్వుకుని వెళ్లి ఉంటారు. ఆయన 1932లో పోయాక వెనకొచ్చినవాళ్లు ఆగలేక కమరాసారస్ అనే ఇంకో సారోపాడ్ తల లాంటిది ఒకటి తగిలించారు. పిల్లలు దశాబ్దాల పాటు దాన్నే చూసి, దాన్నే బొమ్మలేసుకుని, దాన్నే నమ్మారు. 1975లో మెకింతోష్, బెర్మన్ అనే ఇద్దరు పాత ఉత్తరాలూ తవ్వకాల పటాలూ తిరగేసి హాలండ్ అనుమానమే నిజమని తేల్చారు. 1979లో తల మార్చారు.

మనకి ఇదేం కొత్త కాదు. చందమామ చదివినవాళ్లందరికీ బేతాళుడి ప్రశ్న తెలుసు. తలలు తారుమారై అతికాయి, భర్త ఎవడు? విక్రమార్కుడు క్షణం తడుముకోకుండా తల ఎవరిదైతే మనిషి వాడేనన్నాడు. అంత తెలిసిన జాతికి ఇప్పుడు తల ఎవరిదో అడగాలని తోచడం లేదు. ఏ తల పెట్టినా "వావ్" అని పంపేస్తున్నారు.

ఈ మాటే మొన్న దసరా సెలవులకొచ్చిన మా మనవరాలితో అన్నాను. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోంది. దానికి కోపమొచ్చింది.

"తాతయ్యా, నువ్వు తిట్టేది ఫార్వర్డులు చేసేవాళ్లని. మా వాళ్లని కలిపేస్తావేంటి?"

"మీ వాళ్లు మాత్రం? ముక్క దొరగ్గానే పేరు. మా రోజుల్లో 14 ఏళ్లు..."

"ఆ 14 ఏళ్లలో ఎన్నేళ్లు రాయి చెక్కడానికే పోయాయో ఆలోచించు. ఇప్పుడు చెక్కకుండానే స్కాన్ చేస్తున్నాం. లోపల చెవి గొట్టాలు కూడా కనిపిస్తాయి. వాటిని బట్టి తల ఎలా పట్టుకుని నడిచేదో కూడా అంచనా కట్టొచ్చు."

స్కాను సంగతి నాకూ తెలుసు, మోకాలికి తీయించుకున్నాను. రాతిలో ఉన్న పుర్రెని రాతిలోనే చదివేయడం బాగానే ఉందిగానీ, సూదీ చిన్న సుత్తీ పట్టుకుని రోజుల తరబడి ఒక బొడిపె చుట్టూ రాయి గీకినవాడికి ఆ బొడిపె ఎంత పరిచయమవుతుందో స్కాను చూసినవాడికి అవుతుందా? అదే అడిగాను. అది సమాధానం చెప్పకుండా లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

అర్జెంటీనా వాళ్ల పని అట. 2020లో డియెగో పోల్ అనే ఆయనా, ఆయన బృందమూ బగువాలియా ఆల్బా అని ఒక సారోపాడ్‌కి పేరు పెట్టారు. దాదాపు 17.9 కోట్ల ఏళ్ల కిందటిది. అంటే మన బరపాసారస్‌కి ఇంచుమించు ఈడుది. పుర్రె వెనక భాగం, దానికంటుకునే మెడ పూసలు దొరికాయి. పళ్ల మీది పింగాణీ పొర చాలా మందం. అగ్నిపర్వతాలు పేలి మెత్తని ఆకులు తగ్గిపోయి గట్టి ఆకులే మిగిలిన కాలంలో ఆ పళ్లున్నవే బతికి బట్టకట్టాయని వాళ్ల వాదన. తల దొరికితే ఎన్ని సంగతులు తెలుస్తాయో చూడండి. మనవాటికి అయిదు విడి పళ్లు తప్ప ఇంకేమీ లేకపాయె.

నా కంటికి ఆనింది అది కాదు, ఆ వ్యాసంలోని బొమ్మ. జంతువు ఆకారం మొత్తం పల్చటి గీతలా గీసి, అందులో నిజంగా దొరికిన ఎముకలకి మాత్రమే రంగు వేశారు. మిగతాదంతా ఖాళీ. ఊహకి రంగు లేదు.

"ఇలాగే గీయాలా అందరూ?" అన్నాను.

"ఇలా గీయకపోతే మా వాళ్లు ఒప్పుకోరు. కొత్త జాతి అంటే మూల నమూనా ఏ మ్యూజియంలో ఏ నంబరుతో ఉందో రాయాలి. ఇంకే జంతువులోనూ లేని గుర్తులు ఏవో రాయాలి. దొరకనిది దొరకలేదని రాయాలి."

"ఊఁ. అది మా దగ్గర నేర్చుకున్నదే" అన్నాను. "మీ దాకా వచ్చిన పద్ధతి మా వీధి దాకా ఎందుకు రాలేదో అది చెప్పు."

దానికి జవాబు లేదు. కాఫీ పెడతానని లోపలికెళ్లిపోయింది. ఈ కాలం పిల్లలు ఓడిపోయినప్పుడు కాఫీ పెడతారు.

కాఫీ ఇస్తూ ఇంకో మంచి సంగతి చెప్పింది, అది దాచుకోను. మన గోదావరి లోయలోనే, తెలంగాణలో ధర్మారం రాళ్లని ఉన్నాయి, కోట రాళ్లకి కింద, ఇంకా పాతవి. అక్కడ దొరికినవాటికి 2007లో రెండు పేర్లు పెట్టారు. రెండింట్లోనూ పుర్రె ముక్కలున్నాయి. పెద్దదాని పేరు లాంప్లూసారా ధర్మారమెన్సిస్, మన రాబిన్సన్ గారి మధ్య పేరు మీద. చిన్నది ప్రధానియా గ్రాసిలిస్, దవడ ముక్కలూ మరికొన్ని ఎముకలూ. సారోపాడ్‌ల తాతల వరస అనుకోండి. ఆ ప్రధానియా ఎవరి పేరంటారా? ధుయ్యా ప్రధాన్ అని, ఆ కలకత్తా సంస్థ కోసం ఏళ్ల తరబడి ఎండలో తిరిగి ఎముకలు ఏరినాయన పేరు. దొరలకీ ప్రొఫెసర్లకీ కాకుండా రాయి మోసినవాడికి ఒక జాతి పేరు దక్కింది. ఈ ఒక్క విషయంలో ఇప్పటివాళ్లకి మార్కులు వేస్తాను. అయినా తవ్వింది మా రోజుల్లోనే లెండి, 2007లో పేరు పెట్టారంతే.

ఇంక మన ఊరి సంగతి. డెల్టా మట్టిలో రాక్షసబల్లి దొరకదు, ఈ ఒండ్రు వాటి లెక్కన నిన్న మొన్నటిది. కానీ రాజమండ్రి పక్క కాతేరు, అవతలొడ్డున పంగిడి, దుద్దుకూరు క్వారీలు చూశారా? ఆ నల్లరాయి పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిన లావా. లావా పొరల మధ్య సున్నపురాయి పొర, అందులో గవ్వలు. ఆ పొరలోని కంటికానని సముద్ర జీవుల పెంకులు చూసి, గెర్టా కెల్లర్ అనే ఆవిడ బృందం 2008లో చెప్పిందేమిటంటే, కింది లావా పారడం ఆగింది డైనోసార్లు అంతరించిన కాలానికి చాలా దగ్గరగానని. 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ గీత మన క్వారీ గోడలో ఉంది. దేశదేశాల వాళ్లొచ్చి దాని ముందు నిలబడి నమూనాలు పట్టుకెళ్లారు. మనం దాన్ని కంకర కొట్టి రోడ్డుకి పోస్తున్నాం. పోయండి, రోడ్లూ కావాలి. ఒక మూల గోడ వదిలి బోర్డు పెట్టడానికి ఏమొచ్చింది? అడిగితే ఆఫీసులో "అర్జీ పెట్టండి మేష్టారూ" అన్నారు. పెట్టాను. అది ఏ రాతిపొరలో చేరిందో.

అంచేత నేనడిగేది ఇదండి. ఎగువ కోటలో మొండేలున్నాయి, దిగువ కాతేరులో వాటి వంశం ఆరిపోయిన కాలముంది, మధ్యలో గోదావరి ఉంది. మన పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి? రాజమండ్రిలో నలుగురు పిల్లలు తిరిగే చోట బరపాసారస్ తొడెముక నకలు ఒకటి నిలబెట్టండి. ప్లాస్టరుదైనా పర్లేదు. అయిదున్నర అడుగుల ఎముక పక్కన నిలబడి పిల్లలు ఎత్తు చూసుకుంటారు, ఎముకని మించిపోయిన రోజున ఇంటికొచ్చి చెప్పుకుంటారు. కళ్లు చింతనిప్పుల్లా మండే బొమ్మ మాత్రం పెట్టొద్దు. పక్కన బోర్డు మీద దొరికిన ఊరు రాయండి, దొరికిన ఏడాది రాయండి, "తల ఇంకా దొరకలేదు" అన్న ముక్క అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాయండి. తల అతికించేసిన బొమ్మ చూసిన పిల్లకి వెతకడానికి ఇంకేం మిగుల్తుంది చెప్పండి?